జయపాల్ కట్టిన బస్టాండు ఆట

1996లో ఆత్మకూరు బస్టాండు ఎదుట రేడియోలు బాగుచేసే జయపాల్ కంప్యూటరు ఆట ఒకటి తయారు చేశాడు. ప్రోగ్రాం రాయడం అతనికెవరూ నేర్పలేదు. పాత పుస్తకం ఒకటి దొరికితే దాన్ని పట్టుకుని తానే నేర్చుకున్నాడు. ఆటలో రంగురంగుల బస్సులు వస్తాయి. ఆడేవాళ్ల పక్కనున్నవాళ్లు ఊరి పేరు కేకేస్తారు. ఆ ఊరి బస్సు రాగానే మీట నొక్కితే జనం ఎక్కుతారు. ఆలస్యమైతే బస్సు దుమ్ము లేపుకుంటూ పోతుంది.

కంప్యూటరు మాత్రం నెల్లూరు షాపువాళ్లది. సర్కారు సబ్సిడీ మంజూరు కాకపోతే నెలాఖరుకు తిరిగి తీసుకుపోతారు.

“ఆటలకు సబ్సిడీ లేదు” అన్నాడు సబ్సిడీలు చూసే ఆఫీసరు రాజమోహన్. “పెద్దోళ్లకు చదువు నేర్పేదానికైతే ఉండాది.”

ఆటతోనే చదువు నేర్పొచ్చనుకున్నాడు జయపాల్. బస్సులకు ఊరి పేర్ల బోర్డులు పెట్టాలని నిర్ణయించుకున్నాడు. కంప్యూటరులో తెలుగు లేదు కాబట్టి గ్రాఫు కాగితం మీద ఒక్కో అక్షరం చుక్కలుగా గీసి ఎక్కించాడు. ‘ర్ల’ ఒక్కదానికే ఒక పూట పట్టింది.

రాజమోహన్ పరీక్షించడానికి వచ్చిన రోజున, బస్టాండులో మజ్జిగ అమ్మే ఓబమ్మను కూర్చోబెట్టాడు. ఆమెకు అక్షరమ్ముక్క రాదు. అయినా పది బస్సులకు పదీ పట్టేసింది! రాజమోహన్ ఎగిరి గంతేసినంత పనిచేశాడు.

“ఏదమ్మా, ఇదేం అక్షరం?”

“నాకేం తెలుసు సామీ? సీతారామపురం బస్సు పచ్చది గదా!”

అంగట్లో అందరూ పగలబడి నవ్వారు. జయపాల్ ముఖం మాడిపోయింది. ఏ బస్సు రంగు ఆ బస్సుకే దిద్దిదిద్ది వేసింది తానే.

“బస్సులు తీసెయ్. అక్షరాలొక్కటే ఉంచు” అన్నాడు రాజమోహన్.

“బస్సులు తీసేస్తే ఈమె కూర్చుంటుందా సార్? వారం టైమివ్వండి.”

ఆ వారంలో జయపాల్ కొత్త మెలిక పెట్టాడు. సరైన బస్సు పట్టిన ప్రతిసారీ దాని రంగు కొంచెం వెలుస్తుంది. నాలుగోసారికి బస్సులన్నీ బూడిద రంగే.

“నా పచ్చ బస్సుకేమైంది రా? ఎండకు ఎలిసిపోయిందా?”

“బోర్డు చూడక్కా!”

ఓబమ్మ తిట్టుకుంటూనే చూసింది. రోజూ బేరం తగ్గగానే వచ్చి కూర్చునేది. ఊరి పేరు సాగదీసి పలుకుతూ అద్దం మీద వేలితో అక్షరం అక్షరం తడిమేది. మూడో రోజుకల్లా, “చివర్న సున్నా ఉంటే సీతారామపురం, నడాన ఉంటే వరికుంటపాడు!” అని కేకేసింది.

సోమవారం రాజమోహన్ వచ్చాడు. రంగుల్లేని బస్సులను ఓబమ్మ వరసగా పట్టేసింది. అతను నమ్మలేదు.

“సున్నాను బట్టి పట్టేస్తోందయ్యా. ఇది చదువు కాదు.”

కాగితం తీసి రెండక్షరాలు రాసి ఆమె ముందు పెట్టాడు. జయపాల్ తొంగి చూశాడు. ఆ మాట ఆటలో ఎక్కడా విడిగా లేదు.

ఓబమ్మ వేలు కదిలింది. “సీ... తా...” అని గొణిగి ఆగింది. మళ్లీ కాగితం చూసింది.

“రా... మ. రామ! ఇది నా బస్సు నడాన ఉండేది గదా!”

అంగడి ఒక్కసారిగా హోరెత్తింది. రాజమోహన్ బల్ల మీదే దరఖాస్తు పరిచి ‘వయోజన విద్యా సాధనం’ అని రాసి సంతకం పెట్టాడు. కలం మూత కూడా పెట్టకుండా కుర్చీ దగ్గరికొచ్చాడు.

“కొంచెం లెయ్ అమ్మా, నేనొకసారి ఆడతా.”

“ఉండు సార్, ఉదయగిరి బస్సొచ్చె!”