గోడ మీది గుడ్డపీలికల తాడు

మా మనవరాలు బడిలో చేరకముందు ఇంట్లో గడగడా తెలుగు మాట్లాడేది. అందరు పిల్లల్లా కాదు, తన పద్ధతి తనది. పొద్దున్న లేస్తూనే "అమ్మమ్మా పాలు, అమ్మమ్మా జడ, అమ్మమ్మా చెప్పులు" అని వరసగా అప్పజెప్పేది. నేను తొందరలో పాలకి ముందు జడ వేశానో, ఆ జడ విప్పేసి, పాలు తాగి, మళ్లీ మొదట్నుంచి రావాల్సిందే. కుక్కరు కూత వేస్తుందని తెలిస్తే మంచం కింద దూరేది. నా గుండీల డబ్బా చేతికిస్తే పూటంతా రంగులవారీగా పేర్చుకునేది. మా ఆయన చూసి, "ఇది స్టేషన్ మాస్టరవుద్ది, ఒక్క బండి కూడా వరస తప్పనివ్వదు" అని మురిసిపోయేవారు.

మాది విజయనగరం వైపు పల్లె. మా ఆయన రైల్వేలో సిగ్నళ్ల పని మీద రాయపూర్ వచ్చి ఇక్కడే రిటైరయ్యారు. కూతురూ అల్లుడూ మాతోనే ఉంటారు. అల్లుడు నయా రాయపూర్లో ఆఫీసు పని, పొద్దున్న బస్సెక్కితే దీపాలు పెట్టాకే రాక. కూతురిది ఆస్పత్రిలో చీటీలు రాసే కౌంటరు. అంచేత పిల్ల నా చేతిలోనే పెరిగింది. నేను చదివింది మూడో తరగతి. ఇంట్లో కూర్చుని పండరీ బజారులో బట్టల కొట్లకి చీరల ఫాల్ కుట్టి ఇస్తుంటాను.

ఒకటో తరగతిలో వేశాక నెల తిరక్కుండా బడి నుంచి కబురొచ్చింది. పిల్ల నోరు విప్పట్లేదు, గంట కొడితే బెంచీ కింద దూరుతోంది, బయటికి లాగితే కరుస్తోంది. అప్పటి మేడమ్ మా కూతుర్ని కూర్చోబెట్టి చెప్పింది: "ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు. పాపం బుర్ర గందరగోళమైపోయింది. ముందు ఇంట్లో ఆ తెలుగు మానెయ్యండి."

చదువుకున్నావిడ చెప్పింది కదా, నమ్మేశాం. ఆ రాత్రి నుంచే ఇంట్లో తెలుగు బందు. ఇంక మా ఇంటి హిందీ వినాలి మీరు! మా ఆయనది రైల్వే షెడ్డు హిందీ, నాది కూరగాయల బేరం హిందీ. "ఖానా ఖావో" అన్నాక మూడో మాట దొరక్క, గిన్నెలకేసి చూస్తూ తినేవాళ్లం. మాకు దెబ్బలాటకి కూడా మాటలు లేకపోయాయి. పిల్లకైతే ఉన్న మాటలూ పోయాయి. పాలు, జడ, చెప్పులు అని అప్పజెప్పే గొంతు నెమ్మదిగా ఆగిపోయింది. మేమేమో, మందు పని చేస్తోందేమోలే, కొన్నాళ్లు ఇలాగే ఉంటుందేమోలే అనుకుంటూ రెండేళ్లు గడిపేశాం. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఈలోపల డాక్టర్లు చూశారు. మెదడు పని చేసే తీరు వేరు అన్నారు, పెద్ద పేరే చెప్పారు. వింటే చాలు, దడ పుట్టేది. మా కూతురు మాత్రం ఆ కాగితం మడిచి బీరువాలో పెట్టి, "పేరు తెలిసిందిలే, పిల్ల అదే పిల్ల" అంది.

మూడో తరగతిలో ఉండగా, దీపావళి సెలవులయ్యాక, బడి పెద్ద మేడమ్ పిలిపించింది. మా కూతురికి డ్యూటీ, నేనెళ్లాను. కసరలేదు గానీ, గట్టిగా చెప్పింది. "హోళీ తర్వాత పరీక్షలు. అందరితో కూర్చుని రాస్తే నాలుగో తరగతికి పంపిస్తాను. లేదంటే ఇలాంటి పిల్లల కోసం వేరే జిల్లాలో హాస్టలున్న బడి ఉంది. అక్కడ చేర్పించండి, తనకే మంచిది."

హాస్టల్‌కా! పాలు ముందా జడ ముందా అన్నది అక్కడ ఎవరికి తెలుస్తుంది? మంచం కింద దూరితే ఎవరు వంగి చూస్తారు?

వరండాలో గోడకానుకుని నిలబడి ఉంటే మూడో తరగతి టీచర్ వచ్చింది. ఆ ఏడే చేరిన చిన్నది. అభన్‌పూర్ నుంచి రోజూ బస్సులో వచ్చేది. నా చేతిలో సంచీ తీసుకుని బెంచీ మీద కూర్చోబెట్టి, "అమ్మా, మీరో పని చెయ్యండి. పదిరోజులు వచ్చి నా క్లాసులో వెనక బెంచీలో కూర్చోండి. పాప ఎప్పుడెప్పుడు బెదురుతోందో మీ కళ్లకి కనబడుతుంది. నలభైమందిలో నా కళ్లకి అందట్లేదు" అంది.

"నేనా? నాకు హిందీ అక్షరం ముక్క రాదు మేడమ్‌జీ."

"పాపని చదవడం వచ్చు కదా!"

సరే, మర్నాడు కుట్టాల్సిన చీర ఒకటి సంచీలో పెట్టుకుని వెళ్లి కూర్చున్నాను. ముందు వరసలో పిల్లలు వెనక్కి తిరిగి తిరిగి చూస్తారు. ఒకడు నా జడ చూసి, "టీచర్, కొత్త అమ్మాయి పెద్దదైపోయింది!" అన్నాడు. తరగతంతా నవ్వు. నేనూ నవ్వాను. మా పిల్ల మాత్రం నవ్వలేదు. గంట ఎప్పుడు మోగుతుందోనని భుజాలు చెవుల దాకా బిగబట్టుకుని ఉంది.

మొదటి గంటకే బెంచీ కింద దూరింది. టీచర్ వంగి హిందీలో బుజ్జగిస్తోంది. నేను చీర పక్కన పడేసి పరుగెత్తాను. ఆ కంగారులో నోట్లోంచి తెలుగు వచ్చేసింది. "అయిపోయింది తల్లీ, గంట అయిపోయింది. ఇంక కొట్టరు, లే."

బెంచీ కింద నుంచి చిన్న గొంతు: "అయిపోయిందా?"

రెండేళ్లకి విన్నాను ఆ గొంతు. నాకు ఒళ్లు జల్లుమంది. వెంటనే భయమూ వేసింది, ఒట్టు తప్పినట్టు. "క్షమించండి మేడమ్‌జీ, నోరు జారింది. ఇంట్లో అసలు మాట్లాడం, మానేశాం" అన్నాను.

టీచర్ నేల మీదే కూలబడింది. "మానేశారా? ఎవరు మానమన్నారు?" అంది. చెప్పాను. "మా ఇంట్లో ఛత్తీస్‌గఢీ తప్ప ఇంకోటి లేదమ్మా. మా అమ్మ హిందీలో ముద్దు చేస్తే నేను పక్కింటి పిల్లనేమో అనుకునేదాన్ని. ఇవాళే ఇంటికెళ్లి తెలుగు మొదలెట్టండి" అంది.

ఆ సాయంత్రం గుమ్మంలోనే కేకేశాను, "ఏవండీ, టీ పెట్టమంటారా?" అని.

మా ఆయన పేపరు దించారు. "ఏటే, మళ్లీ తెలుగేనా?"

"తెలుగే."

"హమ్మయ్య! రెండేళ్లయింది నిన్ను కడుపారా తిట్టి."

తెలుగైతే వచ్చింది గానీ బెంచీ కింద దూరడం ఆగలేదు. వెనక బెంచీలో నాలుగు రోజులు కూర్చున్నాక నాకొకటి అర్థమైంది. గంట మోతకంటే, ఆ తర్వాత ఏమొస్తుందో తెలియకపోవడం దానికి పెద్ద భయం. హిందీ పుస్తకం మూసేస్తారు, ఇంకో పుస్తకం తీయమంటారు, అంతలోకే బయటికి పదమంటారు. అన్నీ నోటి మాటలే, గాలిలో పోతాయి.

నా పని పద్ధతి ఒకటి చెప్పాలి. ఎవరి చీర ముందు, ఎవరిది వెనక అన్నది రాసిపెట్టుకునేంత రాత నాకు లేదు. అందుకని గోడకి తాడు కట్టి, వచ్చిన ప్రతి చీరకీ దాని ఫాల్ గుడ్డ లోంచి ఒక పీలిక కత్తిరించి వరసగా కడతాను. చీర అయిపోతే ఆ పీలిక విప్పి డబ్బాలో వేస్తాను. ఊహ వచ్చినప్పట్నుంచీ ఆ విప్పే పని మా పిల్లదే. నేను సూది కింద పెట్టడం ఆలస్యం, వచ్చి విప్పేసేది. నాలుగో రోజు మధ్యాహ్నం బడిలో దాని చూపు ఖాళీ గోడ మీద ఉంది. ఇంట్లో తాడుండే చోటు కూడా సరిగ్గా అటు పక్కే. నా బుర్రలో దీపం వెలిగింది.

రాత్రే కూర్చుని తాడు కట్టాను. హిందీకి ఎర్ర పీలిక, లెక్కలకి నీలం, ఇంగ్లీషుకి ఆకుపచ్చ, అన్నం డబ్బాకి తెల్లది, ఆటకి గులాబీ. మర్నాడు టీచర్ బోర్డు పక్కన మేకు కొట్టించింది. "ఇది అయ్యాక ఇది, ఇది అయ్యాక ఇది, చివర ఇల్లు" అని తెలుగులో వేలితో చూపించాను. పిల్ల ప్రతి పీలికా ముట్టుకుని చూసింది. హిందీ అవగానే ఎవరూ చెప్పకుండా లేచి ఎర్రది విప్పి పీలికల డబ్బాలో వేసి, తన చోటుకెళ్లి లెక్కల పుస్తకం తీసింది. టీచరూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

గంట భయానికి మందు మా ఆయన చెప్పారు. అన్నం తింటూ అన్నీ విని, "మీరందరూ కలిసి ఏకంగా ఎర్రదీపం వేస్తున్నారే దానికి. ఎంత పెద్ద బండికైనా ముందు పసుపు చూపించి, ఆ తర్వాతే ఎరుపు. అప్పుడే డ్రైవరు బ్రేకు పట్టుకోగలడు" అన్నారు. టీచర్‌కి చెబితే నవ్వి, నా దగ్గర పసుపుగుడ్డ తీసుకుంది. గంటకి అయిదు నిమిషాల ముందు ఆ గుడ్డ బల్ల మీద పరిచేది. మా పిల్ల అది చూసి చెవులకి చేతులడ్డం పెట్టుకుని కూర్చునేది. గంట మోగేది, చేతులు దింపేది. అంతే. కరవడాలూ లేవు, దూరడాలూ లేవు.

టీచర్ తన వంతు ఇంకా ఎన్నో చేసింది. ప్రశ్న అడిగాక కొంగు చాటున వేళ్ల మీద పది లెక్కపెట్టుకుని అప్పుడే మళ్లీ అడిగేది. జవాబు చాలాసార్లు ఎనిమిది దగ్గరో తొమ్మిది దగ్గరో వచ్చేది. రెండు పనులు ఒక్క మాటలో చెప్పడం మానేసింది. బీరువా వెనక చిన్న చాప పరిచి, తల వేడెక్కినవాళ్లెవరైనా వెళ్లి కూర్చోవచ్చంది. నా జడ మీద జోకేసినవాడే ముందు వెళ్లి కూర్చున్నాడు!

పదిరోజులన్న నా వెనక బెంచీ నెలలు సాగింది. గెలిచేశాం అనుకున్నాను. సంక్రాంతి దాటాక ఒకరోజు లెక్కల మేష్టారు రాలేదని ఆ వేళకి పాటలు పెట్టారు. తాడు మీద నీలం ఉంది, బయట ఢోలక్ వాయిస్తున్నారు. మా పిల్లకి తాడే అబద్ధమాడినట్టయింది. పీలికలన్నీ పీకి, నేల మీద పడి ఒకటే కేకలు. సరిగ్గా అప్పుడే పెద్ద మేడమ్ గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు. చూసి వెళ్లిపోయింది. ఆ వెళ్లిపోవడంలోనే నాకు హాస్టల్ గేటు కనబడింది.

ఇంటికొచ్చి ఏడవలేదు. పీలికలన్నీ మళ్లీ కట్టి, మా ఆయన గళ్ల తువాలు అంచు కత్తిరించాను. "బాగుందే తువాలు!" అన్నారాయన. "ఇంకోటి కొనుక్కోండి" అన్నాను. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, "తాడు అబద్ధమాడదు తల్లీ. కానీ ఒక్కోరోజు మారుద్ది. మారినప్పుడు గళ్లగుడ్డ వస్తాది. గళ్లగుడ్డ అంటే, ఇవాళ మారింది, అయినా చివర ఇల్లే" అని చెప్పాను. నెల రోజులు ఇంట్లో ఆడాం ఆ ఆట. గళ్లగుడ్డ చూపించి, పాలకి ముందు జడ వేసేదాన్ని. మొదటి రోజు ఏడ్చింది. పదో రోజు తనే గళ్లగుడ్డ తెచ్చి, "ఇవాళ చెప్పులు ముందు" అంది. పడీ పడీ నవ్వుకున్నాం ఇంటిల్లిపాదీ. గళ్లగుడ్డ ముక్కలు టీచర్‌కొకటి ఇచ్చి, బడిలో పీలికల డబ్బాలో ఒకటి వేశాను.

హోళీ వెళ్లింది. లెక్కల పరీక్ష రోజు నన్ను వెనక బెంచీలో కూర్చోనిచ్చారు, కదలకూడదన్న షరతు మీద. పెద్ద మేడమ్ స్వయంగా వచ్చి కుర్చీ వేసుకుంది. తాడు మీద మొదట నీలం, అంటే రాసే పరీక్ష. కాగితాలు పంచబోతుంటే కరెంటు పోయింది, గదిలో చీకటి. "ముందు ఎక్కాలు చెప్పించండి, కరెంటు వచ్చాక రాస్తారు" అంది పెద్ద మేడమ్.

టీచర్ చెయ్యి గళ్లగుడ్డ కోసం సొరుగులో వెతుకుతోంది. అంతలో మా పిల్ల లేచింది. బోర్డు దగ్గరికెళ్లి, పీలికల డబ్బాలోంచి గళ్లగుడ్డ తనే తీసి, నీలానికి ముందు కట్టింది. పెద్ద మేడమ్ వైపు తిరిగి, మొహంలోకి చూడకుండా, ఆవిడ చెప్పులకి చెబుతున్నట్టు, "ఆజ్ బదలా హై" అంది. ఇవాళ మారింది.

"ఏం మారింది బేటీ?" అందావిడ.

టీచర్ కొంగు చాటున వేళ్లు ముడుస్తోంది. ఏడు, ఎనిమిది, తొమ్మిది...

"ముందు ఎక్కాలు. తర్వాత రాయడం. తర్వాత డబ్బా. చివర ఇల్లు." అంతా హిందీలోనే. ఆ తర్వాత నిలబడి పదమూడో ఎక్కం మొదలుపెట్టింది. పెదాల మీద తెలుగులో గొణుక్కుంటుంది, పైకి హిందీలో చెబుతుంది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. నూట ముప్ఫై దగ్గర ముగించి తన చోటుకెళ్లి కూర్చుంది. కరెంటు వచ్చింది. తలొంచుకుని పరీక్ష రాసింది, అందరితో పాటు.

పెద్ద మేడమ్ వెళ్తూ వెళ్తూ ఆ తాడు దగ్గర ఆగి, ఎర్ర పీలిక వేళ్లతో పట్టుకు చూసింది. "ఇవి మిగతా క్లాసులకి కూడా కట్టి ఇస్తారా అమ్మా?" అని అడిగింది. హాస్టల్ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. మార్కుల కాగితం మీద నాలుగో తరగతి అని రాసి ఉందని మా కూతురు చదివి చెప్పింది. మా ఆయన దాన్ని నాలుగుసార్లు చదివించుకున్నారు.

సెలవుల్లో పండరీకి పిల్లనీ తీసుకెళ్లాను. కొత్త తాడుకి రంగులు తనే ఏరింది. కొట్టతను విసుక్కునేదాకా ఏరింది.

బడి తెరిచిన రోజు నాలుగో తరగతి గదిలో నేను అలవాటుగా వెనక బెంచీ మీద కూర్చుని చీర తీశాను. మా పిల్ల తాడు మేకుకి తగిలించింది, పీలికలు సరిచేసింది. కొత్త టీచర్ పసుపుగుడ్డ పరిచింది. గంట మోగింది. పిల్ల చెవులకి అడ్డం పెట్టుకున్న చేతులు దింపి, వెనక్కి తిరిగి నన్ను చూసింది. లేచి నా దగ్గరికొచ్చి నా చీర మడత పెట్టి సంచీలో పెట్టింది.

"అమ్మమ్మా, గంట అయిపోయింది. నువ్వింక ఇంటికెళ్లు" అంది.

వెళ్లాను.