ఆమెన్ అంటేనే అన్నం

మా చెల్లెలు సునీత నిరుడు భర్తతో మతప్రచారానికి జాంబియా వెళ్తూ, తన కుక్క జిమ్మీని హేతువాదినైన నాకు అప్పగించడానికి ఆదోని నుంచి ఎమ్మిగనూరు వచ్చింది. నేను పెట్టిన అన్నాన్ని జిమ్మీ ముట్టలేదు.

"ఇది తినకుంటే నేనెట్ల పోయేది?" అని సునీత ఏడ్చింది. అంతలో ఏదో గుర్తొచ్చి, "ఆమెన్ అనన్నా! మా ఇంట్లో ప్రార్థన అయినాకే దానికి అన్నం" అంది.

ఎదురుగా మా హేతువాద సంఘం మిత్రులు కూర్చుని ఉన్నారు. మెల్లగా గొణిగాను.

"గట్టిగ అనన్నా, దానికి ఇనపడల్యా!"

వీధంతా వినబడేలా "ఆమెన్!" అన్నాను. జిమ్మీ గిన్నె ఖాళీ చేసింది. మిత్రులు చప్పట్లు కొట్టారు. సునీత కళ్ళు తుడుచుకుని, నవ్వుతూ ఆటో ఎక్కింది.

ఎన్నో వేదికలపై వాదించిన నేను, ఆకలిగొన్న కుక్కతో వాదించకూడదని ఆ రోజే తెలుసుకున్నాను.

మొన్న ఫోన్లో సునీత, "మారినావా అన్నా?" అని అడిగింది.

"లేదమ్మా. దేవుడు లేడని జిమ్మీకి నచ్చజెప్తాండా. అది ఒప్పుకునేదాకా రెండుపూటలా ఆమెన్ తప్పదు!"