మెడ దగ్గర తెల్లగీత

నాకు చిన్నప్పటి నుంచి కుదురు లేదు. అన్నం ఉడికిందా అని మూత పదిసార్లు తీసి చూసే రకం. అలాంటి నా చేతికి ఆ ఏడు చలికాలంలో లంద అప్పగించారు.

లంద అంటే మా పెరట్లో తోళ్లు నానబెట్టే తొట్టి. గోపాల్‌పేట దగ్గరి మా ఊళ్లో అప్పటికి మిగిలింది అదొక్కటే. మిగతా ఇళ్లవాళ్లు తొట్లు పూడ్చేసి పైన పందిళ్లు వేసుకున్నారు. నాయిన మాత్రం వదల్లేదు. కిర్రు చెప్పులు అడిగేవాళ్లు ఇంకా నలుగురైదుగురు ఉన్నారు, వాళ్లు బతికి ఉన్నంత కాలం నేను చేస్తానని పట్టుబట్టి కూర్చున్నాడు.

ఆ నలుగురైదుగురిలో ఒక గొర్లకాపరి ముసలాయన ఉన్నాడు. నాయిన ఆయన్ని అన్నా అంటాడు, నేను పెద్దనాయినా అంటాను. ఏటా సంక్రాంతి దాటాక మంద తోలుకుని కొల్లాపూర్ మీదుగా కృష్ణ దాటి పోతాడు, మృగశిరకు తిరిగొస్తాడు. ఆ అయిదు నెలలూ ఆయనకు దిక్కు నాయిన కుట్టిన చెప్పులే. అవి కిర్రుమంటుంటే గొర్లు తలెత్తి చూస్తాయని మురిసిపోయేవాడు.

ఆ సంవత్సరం ఆయన కోసం ఎద్దుతోలు సున్నంలో వేసిన వారానికే నాయినకు వనపర్తిలో కంటి ఆపరేషన్ చేశారు. కళ్లకు నల్లద్దాలు, రెండో కన్ను అంతకు ముందే మసక. వంగొద్దు, సున్నం దగ్గరికి పోవద్దు, నెలన్నర తర్వాతే అద్దాలిస్తాం అన్నారు. అమ్మకు చేతులు పగిలి రక్తం కారుతోంది. ఇంట్లో ఇక మిగిలింది నేనే, బీఎడ్ చదివిన దాన్ని. నా తోటివాళ్లంతా డీఎస్సీ కోచింగ్‌కని హైదరాబాద్‌లో గది తీసుకున్నారు. క్లాసులు మొదలయ్యాయని ఎస్టీడీ బూత్ నుంచి రెండుసార్లు చెప్పారు కూడా.

"లందలకెల్లి తోలు తీసి, చెప్పులు కుట్టినంక పో. నడుమల ఇడిసిపెడితే అది కుళ్లిపోతది," అంది అమ్మ.

సున్నంలోంచి తీసి వెంట్రుకలు గీకాను. నాలుగు నీళ్లు మార్చి కడిగాను. తంగేడు చెక్క, అంటే ఆ చెట్టు బెరడు, దంచి లందలో పోసి తోలు ముంచాను. ఇక పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తోలును తిరగెయ్యాలి, వారానికోసారి కొత్త చెక్క వెయ్యాలి. గోళ్లు ఎర్రబారాయి. ఎంత రుద్దినా ఆ రంగు పోదు. ఈ చేతులతో హైదరాబాద్‌లో నోట్సు ఎలా రాసుకోవాలని ఏడుపొచ్చేది. పుస్తకం తెరిస్తే లంద గుర్తొచ్చేది, లంద దగ్గర నిలబడితే పుస్తకం. రోజంతా పెరట్లో నుంచి వాకిట్లోకి, వాకిట్లో నుంచి పెరట్లోకి కాలు కాలిన పిల్లిలా తిరిగాను.

తోలు ఊరిందా లేదా అన్నది ఎలా తెలుస్తుందంటే, మెడ దగ్గర, అన్నిటికంటే దళసరిగా ఉన్నచోట చిన్న ముక్క కోసి అంచు చూడాలి. చెక్క రసం లోపలిదాకా పట్టితే అంచంతా ఒకే ఎరుపు. పట్టకపోతే నడుమ సన్నగా తెల్లగీత ఉంటుంది. ఆ గీత ఉన్నంతవరకు అది పచ్చితోలే. ఎండలో బాగానే ఉంటుంది గానీ, తడి తగిలితే ఉబ్బి, కుళ్లి, పొరలు విడిపోతుంది.

మూడు వారాలు గడిచాక ముసలాయన వచ్చి గడపలో కూర్చున్నాడు. నాయిన నా పరిస్థితి చెప్పినట్టున్నాడు.

"పది దినాలు లేటైనా ఆగుత బిడ్డా. మంద యాడికి పోదు. పచ్చిది మాత్రం ఇయ్యకురి," అన్నాడు.

ఆయన ఆగుతానన్నాడు. ఆగలేకపోయింది నేను.

మర్నాడు పొద్దున మెడ దగ్గర కోసి చూశాను. తెల్లగీత ఉంది. దారమంత సన్నగా ఉంది గానీ ఉంది. ఇంకో వారమైనా పడుతుందని నాకు తెలుసు. కత్తి పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఎందుకో ఆ గీతను చూస్తే ఒళ్లు మండింది. అది నామీద పగబట్టి అక్కడ కూర్చున్నట్టు అనిపించింది. కత్తి తిప్పి పొట్ట దగ్గర ఇంకో ముక్క కోశాను. అక్కడ తోలు పలచన, ఎప్పుడో ఊరిపోయింది. ఆ ముక్క తీసుకెళ్లి నాయిన చేతిలో పెట్టాను.

ఆయన వేళ్లతో వంచి చూశాడు. పంటికింద పెట్టి నమిలి ఉమ్మేశాడు.

"మెడకాడిదేనా?"

"మెడకాడిదే."

"తెల్లగ గిట్ల ఏమన్న ఉన్నదా?"

"లేదు నాయినా."

"ఐతే తియ్యి," అన్నాడు.

నీడకు ఆరబెట్టి కానుగనూనె పట్టించాను. కుట్టడానికి నాయినకు కళ్లు అక్కర్లేదు, వేళ్లు చాలు. వసారాలో కూర్చుని తడుముకుంటూ కుట్టాడు. అడుగుల అంచులకు రంగు పూసింది నేను. ఆ రంగు కింద తెల్లగీత కనపడకుండా పోయింది. ముసలాయన వేసుకుని వాకిట్లో నాలుగడుగులు వేశాడు. కిర్రు కిర్రుమన్నాయి. మర్నాడే నేను హైదరాబాద్ బస్సెక్కాను.

అక్కడ మాత్రం కుదురుగా ఉన్నానా! సార్ బోర్డు మీద గీత గీస్తే నాకు తోలు అంచు కనపడేది. ఆయన కృష్ణ ఒడ్డున ఉంటాడు, వరిమళ్ల గట్ల మీద నడుస్తుంటాడు, అంతా తడే. ఈసారి వానలు రాకపోతే బాగుండునని రైతుల ఊళ్లో పుట్టిన దాన్ని కోరుకున్నాను. సిగ్గుగా ఉంది చెప్పడానికి.

జూన్‌లో ఇంటికి వచ్చిన మూడోరోజు ముసలాయన వచ్చాడు. కిర్రుమనే చప్పుడు లేదు. వట్టి కాళ్లతో, మడమకు గుడ్డ కట్టుకుని కుంటుతూ వచ్చి, చంకలోంచి చెప్పులు తీసి నాయిన ముందు పెట్టాడు. అడుగులు పొరలు పొరలుగా విచ్చుకుని ఉన్నాయి.

"రెండు నెల్లు గూడ ఆగలే తమ్మీ. ఆ తడిపొలాలల్ల ఉబ్బిపాయె. తర్వాత తుమ్మముల్లు దిగి చీము పట్టె, దవాఖానల పండుకుంటి," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు బాగుండేది.

నాయినకు అప్పటికి అద్దాలొచ్చాయి. ఒక చెప్పు తీసుకుని అడుగును కత్తితో అడ్డంగా కోశాడు. నడుమ తెల్లగీత ఉంది. నావైపు తిరగలేదు.

"తప్పు నాదే అన్నా. అప్పుడు నా కండ్లు అట్లుండె గద. సూడలేకపోయిన. ఇంకో జత కుట్టి ఇస్త," అన్నాడు.

"నీ తప్పేముంది తీ, ఆపరేషనాయె," అన్నాడు ముసలాయన. నేను నీళ్ల చెంబు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను.

ఆయన వెళ్లాక నాయిన ఆ కోసిన అడుగు నా చేతికిచ్చాడు.

"నా కండ్ల మీద నల్లద్దాలుండె. నీ కండ్ల మీద ఏముండె బిడ్డా?"

ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. అమ్మకు కూడా చెప్పలేదు. వారం తిరిగేలోగా ఇంకో తోలు సున్నంలో పడింది. నాయినకు ఇప్పుడు కళ్లు కనపడుతున్నాయి, నేను లేకపోయినా జరుగుతుంది. నేనే క్లాసులకు పోలేదు. మళ్లీ తంగేడు చెక్క దంచాను, మళ్లీ గోళ్లు ఎర్రబారాయి.

మూడు వారాలయ్యాక ముసలాయన కుంటుకుంటూ వచ్చి లంద పక్కన రాయి మీద కూర్చున్నాడు. నాయిన తోలు పైకి లాగి, కత్తి నాకిచ్చాడు. ఇద్దరూ చూస్తుండగా మెడ దగ్గర కోశాను.

"ఎట్లుంది?" అన్నాడు నాయిన.

"గీత ఉంది నాయినా. ఇంకో వారం పడ్తది." కోసిన ముక్క పట్టుకెళ్లి ముసలాయన ముందు కూర్చున్నాను. "అప్పుడు గూడ గిట్లనే ఉండె పెద్దనాయినా. నేను సూసిన."