రెండో డబ్బా

నేను తట్టి చూసిన కుండ కారదని తార్నాకలో మా బిల్డింగంతా నమ్ముతుంది. ఆ మాట ఎవరన్నా నా ముందు అంటే ఆరేళ్లుగా నాకు తల దించుకోవాలనిపిస్తోంది. ఎందుకో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. అక్షరాల్లో తప్పులుంటే దిద్దుకొని చదువుకోండి. అసలు తప్పు దిద్దితే పోయేది కాదు.

ఎండలు ముదురుతుండగా లాలాపేట్ దారిలో కుండలు పెడతారు. వేలు మడిచి ఒక్కటి కొడితే ఖంగుమనాలి, ఆ ఖంగు కాసేపు నిలవాలి. సన్న పగులుంటే శబ్దం పుట్టగానే చస్తుంది. కంటికి కనిపించని పగులు చెవికి దొరుకుతుంది. ఇంత చిన్న సంగతి పెద్ద చదువులు చదివినవాళ్లకు తెలియదు. రంగులు చూస్తారు, పూలు గీసిన కుండ తెచ్చుకుంటారు, మూడో రోజు వంటింట్లో నీళ్లు తుడుచుకుంటారు. వాళ్ల మీద నాకెప్పుడూ జాలి కలగలేదు.

నా కొడుకు కూతురు అప్పుడు యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎం.ఏ. చదివేది. సుజన అంటాను, అసలు పేరు కాదు. చదువుకోమని పంపితే ఆ పిల్ల ఒక రోజు బేస్ గిటార్ భుజానికి తగిలించుకొని వచ్చింది. నాలుగే తీగలు. దాని మీద పాట పలకదు. వెనకాల ఉండి దుమ్ దుమ్మంటుంది, అంతే. ముందు పాడేవాడికి చప్పట్లు కొడతారు, దీన్ని ఎవరూ వినరు, కానీ ఇది ఆగితే పాట చప్పబడుతుందట. యాభై ఏళ్లు ఇంట్లో నేను చేసిన పని కూడా అదే. దానికోసం ఇంత బరువు మోయడమెందుకు, పనికిరాని పిచ్చి అని నవ్వాను.

మా పిల్లతో కలిసి వాయించేవాళ్లు ముగ్గురు మగపిల్లలు. చిరిగిన ప్యాంట్లు కోరి కొనుక్కునే రకం. పాడేవాడు ఒకసారి ఇంటికొచ్చి, నేను పెట్టిన సకినాలు నములుతూనే మా పిల్లతో అన్నాడు: “నీ సౌండ్ ఒక దెబ్బ గట్టిగ మీద పడతది, ఒక దెబ్బ ఇనబడనే ఇనబడది. కాలేజీ ఫెస్ట్ లోపల సెట్ చేసుకో. లేకుంటే వేరేటోన్ని చూసుకుంటం.” అంత మాటన్నవాడు ఇంకో రెండు సకినాలు జేబులో వేసుకొని పోయాడు.

దానికి మందు కంప్రెసర్ పెడల్ అని మా పిల్ల తేల్చింది. కంప్రెసరంటే నాకు ఫ్రిజ్ వెనక గురకపెట్టేదే తెలుసు. ఇది వేరే. అరచేతిలో పట్టే ఇనుప డబ్బా, పైన రెండు మూడు బిరడాలు. గిటార్ వైరు దీంట్లోంచి పోతుంది. గట్టిగా పడిన దెబ్బను అణిచి, మెల్లగా పడినదాన్ని లేపి, రెండింటినీ ఒక తీరుకు తెస్తుంది. వేళ్లతో చేయాల్సిన పని డబ్బాతో చేయించుకునేవాళ్లను ఏమనాలి? మూడు వారాలు అన్నం ముందు కూడా ఫోన్లో అవే వీడియోలు. గడ్డాలు పెంచినవాళ్లు గంటలకొద్దీ డబ్బాల గురించి వాదించుకుంటారు. ఒకడు అమృతమన్నదాన్ని ఇంకొకడు చెత్తంటాడు. వాళ్లకు ఇళ్లల్లో పనులుండవా?

చివరికి రెండు మిగిలాయి. ఒకటి సికింద్రాబాద్ షాపులో కొత్తది. రెండోది హాస్టల్లో ఒక సీనియర్ కొన్నాళ్లు వాడుకొని అమ్ముతున్న పాతది. చూసుకోమని రెండింటినీ రెండు రోజులు ఇచ్చారు. ఆదివారం మధ్యాహ్నం నేను చింతపండు గింజ తీస్తుంటే వచ్చి నా ముందు కూర్చుంది.

“నానమ్మా, జర అది పక్కన పెట్టు. కండ్లు మూసుకో.”

“ఎందుకే? నాకేమన్న పెండ్లి చేస్తున్నవా?”

“రెండు డబ్బాలు మార్చి మార్చి వాయిస్త. ఏది మంచిగున్నదో చెప్పు.”

“కండ్లు తెరిస్తే చెప్పరాదా?”

“తెరిస్తే ఏది అగ్గువదో కనిపెడ్తవ్. గదే మంచిదంటవ్. నీ సంగతి నాకు తెల్వదా?”

“నీకు చెవులు లెవ్వా?”

“కొట్టేటోళ్లకు సక్కగ తెల్వది నానమ్మా. నా వేలికి అన్నీ మంచిగనే అనిపిస్తయ్. నువ్వు కుండను ఇన్నట్టు ఇను.”

కళ్లు మూసుకున్నాను. ఒకటోది వాయించింది. దెబ్బలన్నీ సమానంగానే ఉన్నాయి, కానీ ప్రతి దెబ్బా పుట్టగానే చచ్చింది. పగిలిన కుండ. బిరడాలు తిప్పి తిప్పి వాయించింది, అయినా అంతే. రెండోది వాయించింది. దెబ్బ నిండుగా పుట్టింది, సమానంగా నిలిచింది, మెల్లగా దిగింది. నా కింద నేల కూడా సన్నగా అదిరింది. ఇంత తేడాను పోల్చుకోవడానికి నా చెవి కూడా అక్కర్లేదు.

“ఒకటోదే మంచిగున్నది” అన్నాను.

“నిజంగనా? నాకైతే రెండోది…”

“మరి నన్నెందుకు అడిగినవ్?”

రెండో డబ్బా వైరు పీకేసింది. తర్వాత “సరే తియ్, నీ చెవి తప్పది” అని నవ్వింది.

ఎందుకలా అన్నాను? పొదుపు కోసమని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. ఎంత సిగ్గులేని మాట! నా కళ్లు మూసి ఉన్నాయి కదా, ఏది అగ్గువదో నాకెలా తెలుసు? తర్వాత తెలిసింది: నేను మంచిదన్నదే ఖరీదైన కొత్త డబ్బా. పిల్లలకు ట్యూషన్లు చెప్పి దాచుకున్నదంతా దానికే పోసింది. కొత్తిమీర కట్ట రూపాయి తక్కువకు తేవడానికి రెండు వీధులు తిరిగే నేను, ఆ పిల్ల చేత పగిలిన కుండను ఎక్కువ ధరకు కొనిపించాను. ఆడపిల్ల మగపిల్లల మధ్య వాయించడం ఇష్టం లేకనా? అదీ కాదు, వాళ్లు దాని కాలి గోటికి సరిపోరని నాకు తెలుసు. ఇది పనికిరాని పిచ్చి అని నేను మొదటి రోజే అన్నాను. నా మాట నిజం కావాలి. అంతే. నా మాట నెగ్గడానికి అది ఓడాలి, ఓడించే వీలు అదే తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఫెస్ట్ రోజు సాయంత్రం క్యాంపస్‌కు నేనూ వెళ్లాను. వెనక వరసలో కూర్చున్నాను. నాలుగు పాటలు వాయించారు. మా పిల్ల వేళ్లు కదులుతున్నాయి, దాని పలుకు మాత్రం మా దాకా రావడం లేదు. చచ్చిన దెబ్బలు. పక్కన కూర్చున్న పిల్లలు “బేస్ ఉన్నదా అసలు?” అని నవ్వుకున్నారు. వారం తిరగకుండా పాడేవాడు వేరేవాణ్ని పెట్టుకున్నాడు. పాత డబ్బా కోసం మా పిల్ల మళ్లీ హాస్టల్‌కు పోయిందో లేదో నాకు తెలియదు. నేను అడగలేదు. ఇంటికొచ్చి నాతో ఒక్క మాటే అంది: “డబ్బా మంచిదే నానమ్మా, నువ్వే చెప్పినవ్ గద. నాకే చెవి లేదు.”

అప్పుడన్నా చెప్పొచ్చు. మనిషి పక్కనే ఉంది. చెప్పలేదు.

గిటార్ బీరువా పైకెక్కింది. దుమ్ము పడకుండా నా పాత చీర కప్పింది నేనే. ఆ గడ్డాలవాళ్లను, చిరిగిన ప్యాంట్లవాళ్లను, పూల కుండలు కొనేవాళ్లను చూసి ఇన్నాళ్లూ మూతి తిప్పాను. వాళ్లలో ఒక్కరు కూడా విని విననట్టు చెప్పలేదు. వాళ్లకు తెలియక తప్పు చేశారు. నాకు తెలుసు.

సుజన ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. మొన్న కుండ కొనడానికి నన్ను లాలాపేట్ తీసుకెళ్లింది. నేను చెప్పులు సరిచేసుకుంటుండగా తనే ఒక కుండ ఎత్తి తట్టింది. నిండుగా ఖంగుమంది. వరసలో అంతకన్నా మంచి కుండ లేదు. దాని ముఖం ఒక్క క్షణం వెలిగింది. వెంటనే ఆ కుండను నా ముందుకు చాపింది.

“నాకైతే మంచిగనే ఇనబడ్డది. కానీ నువ్వు చూడు నానమ్మా. నీ చెవి తప్పది.”

తట్టాను. “మంచిగున్నది” అన్నాను. అది డబ్బులిచ్చి, నేను ఎంచిన కుండ అని ఇంట్లో అందరికీ చెప్పింది.

ఆ కుండ నేను ఎంచింది కాదు. ఆ పిల్లదే ఎంపిక. ఆ ఆదివారం కూడా దాని చెవే నిజం చెప్పింది. రెండో డబ్బా మంచిది. నేను విన్నాను.