పాముచెవులాయన

రేడియో స్టేషన్లో పనిచేసే రోజుల్లో పడిందాయనకి ఆ పేరు. పక్కగదిలో టేపు వెంట్రుకవాసి నెమ్మదించినా ఇక్కణ్ణుంచి లేచెళ్లి సరిచేసొచ్చేవాడు. రిటైరయ్యాక ముందుగదిలో సోఫా తీసేయించి బల్ల వేయించాడు. చుట్టుపక్కల ఇంకెవరూ చెయ్యి పెట్టని పని పట్టాడు: పాతకాలపు పలక స్పీకర్లు బాగుచేయడం.

అవి పెట్టెల్లా ఉండవు, తలుపు రెక్కల్లా నిలువెత్తున ఉంటాయి. లోపల ఉల్లిపొరంత పల్చటి ప్లాస్టిక్, దానిమీద వరసలుగా అంటించిన సన్నతీగ, వెనక అయస్కాంతాలు. ఏళ్లు గడిచేసరికి జిగురు పొడిబారి తీగ ఊడొస్తుంది, పాట జీరపోతుంది. అడుగున క్రాసోవర్ ఉంటుంది. బరువైన స్వరాల్ని ఒక దారిన, సన్నటి స్వరాల్ని ఇంకో దారిన పంపే చిన్న సర్క్యూట్ అది.

టీవీలు బాగుచేసే కొట్టు మూతపడి తమ్ముడు ఖాళీగా ఉంటే పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తీగకొసని మేకుకి రెండుసార్లు చుట్టి, మూడో చుట్టు వెనక్కి మడిచి టంకం పెట్టడం దగ్గర్నుంచీ అన్నీ నేర్పాడు. వదిన చేతి కాఫీ తాగుతూ ఏడేళ్లు కలిసి చేశారు.

ఒకరోజు వయొలిన్ టీచరమ్మ స్పీకర్లు వచ్చాయి. తీగలన్నీ కొత్తగా అంటించి, క్రాసోవర్లో పాత కెపాసిటర్లు మార్చి పాట పెట్టారు. పెద్దాయన మొహం చిట్లించాడు.

"మబ్బు పట్టినట్టుందిరా. ఆ రెసిస్టరు తీసి చిన్నది వెయ్యి."

సన్నస్వరాల జోరుకి పగ్గం ఆ రెసిస్టరు. తమ్ముడు కదల్లేదు. "వద్దన్నయ్యా. ఇప్పటికే చెవుల్లో సూదులు గుచ్చుతున్నట్టుంది. పోయినసారీ ఇలాగే చేశాం. కావాలంటే మీటరు పెట్టి చూద్దాం."

"నా చెవులుండగా మీటరెందుకురా? నిన్నగాక మొన్న టంకంకడ్డీ పట్టినవాడివి, నాకు చెబుతున్నావా?"

మాటకి మాట పెరిగింది. తమ్ముడి పనిముట్ల సంచీ గుమ్మం బయట పడింది. తమ్ముడు దాన్ని భుజానికేసుకుని, వదినకి కూడా చెప్పకుండా వెళ్లిపోయాడు. రెసిస్టరు పెద్దాయనే మార్చాడు. టీచరమ్మ ఒక కీర్తన సగం విని, "బాగుందండీ" అని తీసుకెళ్లింది.

ఆ తర్వాత పని పల్చబడింది. తమ్ముడు వేరే వీధిలో బల్ల వేశాడని తెలిసి, "తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు" అని తిట్టుకున్నాడు.

ఏడాది తిరిగాక బజారులో టీచరమ్మ కనిపించింది. పని లేక చేతులు దురద పెడుతున్నాయేమో, ఒకసారి జిగురు చూసిపోతానని తనే వెంట వెళ్లాడు. ఆవిడ ఏదో చెప్పబోయి ఊరుకుంది. స్పీకరు వెనక మూత విప్పాడు. తను వేసిన రెసిస్టరు లేదు, పాత కొలతదే మళ్లీ ఉంది. తీగకొస రెండు చుట్లు, మూడోది వెనక్కి మడత. ఆ చేతిపని ఎవరిదో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

"తీసుకెళ్లిన వారానికే మార్పించానండీ," అంది టీచరమ్మ నేలచూపులు చూస్తూ. "పిల్లలు చెవులు మూసుకునేవాళ్లు. పెద్దవారు, మీతో ఎలా అనను?"

"మిగతావాళ్లు?"

"అందరూ మీ తమ్ముడి దగ్గరికే వెళ్లారు. మీకు చెప్పొద్దని ఆయనే అన్నారు."

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా భార్యనడిగాడు. "నీకు తెలుసా?"

"ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడకపోతే కీచుమంటుంది. మూడేళ్లుగా మీకది వినపడ్డం లేదు," అందావిడ బియ్యం ఏరుతూ, తలెత్తకుండా.

"మరి చెప్పలేదేం?"

"చెప్పినవాడి సంచీ ఎక్కడ పడిందో చూశానుగా."

చెవుల డాక్టరు కాగితం మీద గీత గీసి చూపించాడు. సగందాకా తిన్నగా వెళ్లి, సన్నస్వరాల దగ్గర గోడమీంచి దూకినట్టు పడిపోయిందది.

పెద్దాయన తమ్ముడింటికి వెళ్లలేదు. తమ్ముడే ఆటోలో తీగ ఊడిన పలకలు రెండు పంపాడు. తీగ అంటించడం ఇప్పటికీ అన్న చేసినంత నున్నగా వాడికి రాదు. ఆయన అంటించి తిరిగి పంపాడు. అదే అలవాటైంది. తీగలు ఇక్కడ, క్రాసోవర్ అక్కడ, వినడమూ అక్కడే.

ఒక మధ్యాహ్నం తమ్ముడే స్వయంగా, పూర్తయిన జతతో వచ్చాడు.

"అన్నయ్యా, ఒకసారి విను. నువ్వు సరేనంటేనే ఇస్తాను."

"వినపడనివాణ్ణి అడిగి ఇస్తావా? ఊళ్లోవాళ్ల మర్యాద నువ్వూ నేర్చుకున్నావన్నమాట."

"అది కాదన్నయ్యా..."

"ఆ రోజు నిజం చెప్పావు, తరిమాను. ఇవాళ అబద్ధం చెప్పడానికొచ్చావు. ఆనాటి నువ్వే నయంరా. తీసుకుపో."

వదిన కాఫీ కలుపుతానంది. తమ్ముడు ఆగలేదు. అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా మాట్లాడుకోవడం అదే ఆఖరు. పలకలు మాత్రం వస్తూనే ఉన్నాయి.