బస్సులో అడిగిన ఇంటిపేరు

నాకు అక్షరాలొచ్చింది అరవై దాటాక. అందుకే పంతొమ్మిదివందల ఎనభైల నాటి ఈ ప్రయాణాన్ని ఇప్పుడు రాస్తున్నాను.

జగ్గయ్యపేటలో నందిగామ వైపు బస్సెక్కాను. ముందు సీట్లో బెజవాడలో చదువుకునే ఆఫ్రికా కుర్రాడు కూర్చున్నాడు. తెలుగు కాస్త వచ్చు. ఇంటి నుంచి డబ్బు రాక హాస్టల్లో భోజనం ఆపేశారట. పాస్‌పోర్టు, వాచీ ఇస్తే స్కాలర్‌షిప్ ఇప్పిస్తానంటున్నాడు పక్కనున్న తెల్లచొక్కా మనిషి. కుర్రాడు వాచీ విప్పుతున్నాడు.

"మీదే ఊరు నాయనా?" అని తెల్లచొక్కానడిగాను.

"పెనుగంచిప్రోలండి."

"మా పుట్టిల్లే! ఇంటిపేరేంటి? ఎవరబ్బాయివి?"

అతను చేతిసంచీ ఒళ్ళోకి లాక్కున్నాడు. వెనక సీటు పెద్దాయన అందుకున్నాడు. "ఇల్లు మునేటి ఒడ్డునా, బజార్లోనా? మీ అమ్మగారిదే ఊరు?"

బస్సంతా తలా ఒకటి అడిగారు. చిల్లకల్లు రాగానే అతను దిగిపోయాడు.

కుర్రాడు వాచీ మళ్ళీ పెట్టుకున్నాడు. "అమ్మా, నన్నూ అందరూ ఇలాగే అడుగుతారు. అనుమానం అనుకున్నా."

"అతన్నడిగింది అనుమానంతోనే. నిన్నడిగేది పలకరింపయ్యా! ఇంతకీ మీ అమ్మ పేరేంటి?"

నందిగామ దాకా వాళ్ళమ్మ కబుర్లే చెప్పాడు. ఆ పూట నాతోపాటు దిగి మా ఇంట్లోనే భోంచేసి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే బియ్యం మూటతో అతని వెంట బెజవాడ వెళ్ళాను. "వాళ్ళింటి డబ్బొచ్చేదాకా ఇవి వండి పెట్టండి. అయిపోతే కబురు చెయ్యండి, మళ్ళీ తెస్తా" అని హాస్టల్ వార్డెన్‌కి చెప్పాను.