అక్క పాటలో జారుడు

తప్పులు దిద్దే మిషన్ చేతికొచ్చాక నాకు పొగరెక్కింది. కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టే అయింది. ఆ మాట ముందే ఒప్పేసుకుంటున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో రాయదుర్గంలో చిన్న రికార్డింగు గది నడిపేవాణ్ని. జీన్సు ప్యాంట్లు కుట్టేచోట మిగిలిన గుడ్డపీలికలు తెచ్చి గోడలకు దట్టంగా కొట్టాను, బయటి చప్పుడు రాకుండా. కంప్యూటరులో కొత్త సాఫ్ట్‌వేరు వేయించాను. పాడేవాళ్ల గొంతు తెరమీద గీతలాగా కనిపిస్తుంది. శ్రుతి తప్పినచోట గీతను మౌసుతో పైకి లాగితే గొంతు దారికొస్తుంది.

ఉరవకొండ పక్క పల్లెనుంచి ఒక అక్కను నేనే పిలిపించాను. శనక్కాయ చేలో కలుపు తీసే ఆడవాళ్లకు పాట చెప్పేది ఆమే. ఆమె చరణం పాడితే మిగతావాళ్లు అందుకుంటారు. ఆ పాటలు సీడీ చేయాలని నా ఆశ. ముందు ఆమె గొంతు ఒక్కటే తీసుకుని, వంత తర్వాత కలుపుదామన్నాను.

ప్రతి చరణం చివరా ఆమె గొంతు కిందికి జారేది. ఆమె పాడి బయట కూర్చున్నాక ఆ గీతలన్నీ సరిచేస్తుంటే, నా దగ్గర కీబోర్డు వాయించే తమ్ముడు అడ్డుపడ్డాడు.

"అన్నా, అన్నిసార్లూ ఒక్కచోటే జారతాండాది. తప్పయితే ఒకసారి ఈడ, ఒకసారి ఆడ వచ్చేది. ఇడిసిపెట్టు."

"శ్రుతి తప్పితే తప్పే. వినేవాళ్లు నవ్వుతారు."

"పాట వాళ్లది గదన్నా, నవ్వేదెవురు?"

"నాకే నేర్పను వచ్చినావా?" అని నోరు మూయించాను. అంతటితో ఊరుకున్నానా? అక్కను లోపలికి పిలిచి తెరమీది వంకర గీత చూపించాను. "చూడక్కా, ఈడ నీ గొంతు పడిపోతాండాది. మిషన్ పట్టేసింది. నేను సరిచేసినాలే" అన్నాను.

ఆమె ఆ గీతకు దగ్గరగా వంగి చూసింది. "ఇన్నేండ్లూ తప్పే పాడినానా అప్పా?" అంది.

అవునన్నాను. ఎంత సులువుగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

వారం తర్వాత వంత పాడేవాళ్లు నలుగురు ఆమెతో వచ్చారు. నేను దిద్దిన పాట వేశాను. చరణం అయిపోయింది, ఎవరూ నోరు తెరవలేదు. మళ్లీ వేశాను. ఒకామె ముందే ఎత్తుకుంది, ఇంకొకామె వెనకబడింది.

"ఏమప్పా, జారుడు యాడికి పాయె?" అని వాళ్లలో పెద్దామె అడిగింది. "అది జారితేనే మేం అందుకునేది. వంగి కలుపు తీస్తాంటే ఆయమ్మ మొగం మాకు కనపడదు గదా."

కంప్యూటరులో చోటు చాలదని అసలు రికార్డింగు అప్పటికే తీసిపారేశాను. "మళ్లీ పాడక్కా, నీ పద్ధతిలోనే పాడు" అన్నాను. తప్పు నాదని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. పెద్ద తెలిసినవాణ్ని కదా!

ఆమె మైకు ముందు నిలబడింది. చరణం చివరికొచ్చేసరికి గొంతు బిగబట్టి, జారనివ్వకుండా తిన్నగా ఆపేసింది. ఆడవాళ్లు ఎదురుచూస్తూ ఉండిపోయారు. ఆమె వాళ్లవైపు చూడలేదు. నావైపు తిరిగి భయంభయంగా అడిగింది.

"ఇప్పుడు సరిగా ఉండాదా అప్పా?"